పదిమంది కూర్చున్న పాట

ఆ రోజుల్లో మా మార్కాపురంలో కుదురుగా కూర్చోవడమే మనిషికి పెద్ద అర్హత. పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు కూడా ముందు "పిల్లోడు దుకాణంలో కూచుంటాడా?" అని అడిగేవారు, చదువు సంగతి ఆ తర్వాతే. మా నాయన పొద్దున ఏడింటికి గల్లాపెట్టె వెనక కూర్చుంటే అన్నానికి లేచేవాడు, మళ్ళీ కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేవాడు కాదు. మా తాలూకాను కర్నూలు నుంచి తీసి ప్రకాశం జిల్లాలో కలిపి పదేళ్ళు దాటినా ఆయన కవర్ల మీద కర్నూలు జిల్లా అనే రాసేవాడు (ఉత్తరాలు ఎట్లాగో చేరేవి). అదేమని అడిగితే "జిల్లా లేచిపోయిందిరా, నేను యాడికీ పోలే, ఈడ్నే కూచోనుండా" అనేవాడు. అంతటి కుదురైన మనిషి కడుపున నేను పుట్టాను. కాలు కాలిన పిల్లికీ నాకూ తేడా ఏమిటంటే, పిల్లికి కారణం ఉంటుంది.

డిగ్రీ పరీక్షలు ఎట్లాగో గట్టెక్కాక, దుకాణంలో నిలవనని తేలిపోయి, మా పెదనాయన పలకల ఫ్యాక్టరీలో పెట్టారు నన్ను. రోజుకు ఎన్ని పెట్టెలు ప్యాకయ్యాయో పుస్తకంలో రాయడం నా పని. ఫ్యాక్టరీ అంటే రేకుల షెడ్డు, కోత మిషన్లు, చెక్క చట్రాలు బిగించేవాళ్ళు, ఆ చట్రాలకు వార్నీషు పూసి ఎండలో ఆరబెట్టేవాళ్ళు, అన్నిటి మీదా బూడిదరంగు దుమ్ము. నా పుస్తకం మీద, అన్నం గిన్నె మూత మీద, కనుబొమ్మల మీద కూడా దుమ్మే. అక్కడ నాకు తెలిసిన గొప్ప మనిషి టకటకత్త. తర్లుపాడు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె పని, ప్రతి పలకనూ ఎడమచేత్తో పైకెత్తి వేలి కణుపుతో టక్కున కొట్టడం. మంచి పలక ఖంగుమంటుంది. లోపల సన్నని పగులు ఉంటే, కంటికి కనపడకపోయినా, శబ్దం బొంగురుగా వస్తుంది. పగుల్దాన్ని మాట్లాడకుండా పక్కన పెట్టేసేది. పెదనాయన కూడా ఆమె పక్కన పెట్టిన పలకను మళ్ళీ చేతిలోకి తీసుకునేవాడు కాదు.

ఒకసారి పలకలు కొనడానికి ఒక తెల్లదొర కారులో వచ్చాడు. ఆయన వెళ్ళిపోయాక, కారు తోలిన డ్రైవరు సీటు కింద దొరికిన క్యాసెట్టు ఒకటి తెచ్చి "ఇది ఖరాబైపోయింది శెట్టీ, నీకేమన్నా పనికొస్తాదేమో చూడు" అని నా చేతిలో పెట్టాడు. ఇంటికి తీసుకుపోయి టేపురికార్డరులో వేశాను. ఒక మనిషి పాడటం లేదు, మాట్లాడుతున్నాడు. మాట్లాడటం కూడా కాదు, పక్కింటివాడితో గట్టు తగాదా పడుతున్నట్టు ఉంది. వెనక గిటారు ఒకటే ముక్కను పట్టుకుని మొండిగా లాగుతోంది. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. టేపు తెగిందేమో అనుకుని లేచేలోపల మళ్ళీ మొదలైంది, ఇంకా కోపంగా. మా అమ్మ వంటింట్లోంచి "టేపు చుట్టుకొనిందేమో చూడరా, తీసెయ్, మిషను పోతాది" అని అరిచింది. నేను మాత్రం కదల్లేదు. నా ఒంట్లో ఇరవై ఏళ్ళుగా పాకుతున్న చీమల చప్పుడు నాకు మొదటిసారి బయట వినపడింది. పైగా ఆ క్యాసెట్టు దొరకు పాడటం రాదు! పాడటం రానివాడు కూడా పాడవచ్చని ఎవరూ నాకు అంతవరకూ చెప్పలేదు. ఆ మాట ముందే తెలిసి ఉంటే అయిదో తరగతిలోనే మొదలుపెట్టేవాణ్ణి.

ఇక నేనే పాటలు రాసి, నేనే అరవడం మొదలుపెట్టాను. భజన మందిరంలో మూలపడి ఉన్న బుల్‌బుల్ వాద్యం ఒకటి అడిగి తెచ్చుకున్నాను (రెండు తీగలు లేవు, లేకపోవడమే మంచిదనిపించింది). మొదటి పాట దొనకొండ స్టేషను మీద. "రైలు వస్తాది అన్నారు, వస్తాది, వస్తాది, వస్తాది, రాలే" అంతే పాట. రెండోది దుమ్ము మీద. మూడోది "నేను కూచోను" అని మా వంశం మీద తిరుగుబాటు. సాధన మిద్దె మీద చేసేవాణ్ణి. మూడోరోజు ఎదురింటి అవ్వ వచ్చి అమ్మను పక్కకు పిలిచి "పిల్లోనికి ఏమన్నా సోకిందేమో, తాయెత్తు కట్టించు తల్లీ" అని చెప్పి పోయింది. అమ్మ నిజంగానే కట్టించింది. ఆ తాయెత్తు పెట్టుకునే పాడాను, గొంతు మీద దాని ప్రభావమేమీ కనపడలేదు.

నన్ను కళాకారుడని నమ్మిన మనిషి ఊరంతటికీ ఒక్కడే, సర్వంగాడు. పుల్లలచెరువు పక్క అడవి అంచు పల్లె నుంచి వచ్చినవాడు, ఇంట్లో గొర్రెలమంద. చిన్నప్పుడు గొర్రెలకు రంగుతో గుర్తులు వేయమంటే వీడు ఒక్కో గొర్రె మీద ఒక్కో పూలతీగ వేసి నాయన చేత కట్టెతో తన్నులు తిన్నాడు. అక్కడి నుంచి పరుగెత్తుకొచ్చి మా ఫ్యాక్టరీలో వార్నీషు పూసే పనిలో చేరాడు. వాడికి రాని కళ లేదు, ఏ కళలోనూ నెల రోజులు నిలిచిందీ లేదు. ఒక నెల పగుల్ పలకల మీద మేకుతో బొమ్మలు గీకేవాడు, మరుసటి నెల టీ బంకులకు బోర్డులు రాసేవాడు, ఆ తర్వాత బంకమట్టి. ఒకసారి అందరి నీడలనూ గోడ మీద బొగ్గుతో గీశాడు, సాయంత్రానికి నీడలు వెళ్ళిపోయాయి, గీతలు ఉన్నాయి. పెదనాయన ఆ గోడ చూసి సున్నం కొట్టించాడు. "నువ్వు ఏం చేస్తావురా అసలు?" అని ఎవరన్నా అడిగితే "సర్వం" అనేవాడు. పేరు అట్లా వచ్చింది. (నన్ను వాడు "శెట్టి మామా" అనేవాడు, ఊరు మాత్రం "గోలశెట్టి" అని పిలిచేది.) మా బ్యాండులో మేమిద్దరమే. నేను నోరూ బుల్‌బులూ, వాడు తాడుకు వేలాడదీసిన నాలుగు పలకలూ ఒక ఉలీ.

ఇట్లా ఉండగా గిద్దలూరు నుంచి మా అమ్మ తమ్ముడు వచ్చాడు. మామకు గిద్దలూరులో తాళ్ళు, బొక్కెనలు, మేకులు, గొళ్ళాలు అమ్మే దుకాణం ఉంది. కొడుకులు లేరు. "బావా, అల్లుణ్ణి నాకిచ్చెయ్, దుకాణం వానికే రాసిస్తా" అన్నాడు. ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోయాయి. నాకు మాత్రం బొక్కెనల మధ్య ముసలివాణ్ణయి కూర్చున్న నేనే కళ్ళకు కట్టాను. అన్నం ముందర నుంచి లేచి "నేను పోను, నేను పాటలు పాడేవాణ్ణి" అన్నాను. నాయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. వ్యాపారి కదా, సరుకు చూడకుండా మాట అనడు. "సరేరా. దసరాకి ఫ్యాక్టరీలో ఆయుధపూజ ఉండాది గదా, అందరి ముందరా పాడు. పాట అయిపోయిందాకా పదిమంది లేవకుండా కూచున్నారా, నీ బతుకు నీ ఇష్టం. నేను నోరెత్తను. కూచోకపోతే మామెంబడి గిద్దలూరు పో, మళ్ళీ పాట అనగూడదు" అన్నాడు. మామ అప్పుడే "నేనే వచ్చి తీస్కపోతాలే" అని దసరా బస్సు టైము కూడా అడిగి తెలుసుకున్నాడు.

పదిమందే కదా అని మీరు అనుకోవచ్చు. అంతకుముందు మేము టీ బంకు దగ్గర ఒకసారి పాడితే, మొదటి పాట సగంలో బంకువాడితో సహా అందరూ వెళ్ళిపోయారు. బంకు తెరిచి ఉండగా బంకువాడే పోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. పదిహేను రోజులు నాకు అన్నం సహించలేదు. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. సర్వంగాడే ఉపాయం చెప్పాడు. "మామా, ఆయుధపూజ రోజు గుమ్మడికాయ కొట్టందే ఎవరన్నా లేచిపోతారా?" అన్నాడు. పోరు. మా ఫ్యాక్టరీలో అది కట్టుబాటు. మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, దిష్టి తీసి, గుమ్మడికాయ నేలకేసి కొడితేనే పూజ అయినట్టు. అది పగలకముందే లేచినవాడికి ఏడాది పొడుగునా చేతి దెబ్బలు తగులుతాయని నమ్మకం. పగిలాక గుగ్గిళ్ళు పంచుతారు, అందరూ గేటు దగ్గరికి పరుగెత్తుతారు. "హారతికీ గుమ్మడికాయకూ నడాన మన పాట పెడ్తాం. పదిమంది ఏంది మామా, యాభైమంది కూచుంటారు." నేను వాణ్ణి కావలించుకున్నాను. మోసమే అయినా, దేవుడి కట్టుబాటు వాడుకున్న మోసం కాబట్టి పెద్దగా బాధ అనిపించలేదు.

అంతటితో ఆగితే వాడు సర్వంగాడు ఎట్లా అవుతాడు? ఆ నెలలో వాడికి కొత్త కళ పట్టింది. పెద్దమనుషులు కూర్చోవడానికి ప్యాకింగ్ పెట్టెల చెక్కలతో రెండు బెంచీలు కొట్టి, వాటి మీద దొనకొండ రైలు వేస్తానన్నాడు. ఇంజను, దాని వెనక పది పెట్టెలు. ఒక్కో మనిషి ఒక్కో పెట్టె మీద కూర్చోవాలి. "కూచుంటే బొమ్మ కనపడదు గదరా?" అన్నాను. "లేచినప్పుడు కనపడతాది మామా. జనం పోయినాక రైలు మిగుల్తాది. అదీ దీంట్లో ఆర్టు" అన్నాడు. నాకు తర్వాత ఎప్పటికో తట్టింది, నా కళకు జనం కూర్చోవాలి, వాడి కళకు జనం లేవాలి. ఇద్దరం ఒకే బెంచీ మీద ఆశ పెట్టుకున్నాం.

పండక్కి మూడురోజుల ముందు పూర్తి కావలసిన రైలు వాడి చేతిలో పూర్తి కాలేదు. మొదట గొర్రెలమంద వేసి, నచ్చక దాని మీద వార్నీషు పూసి, రైలు వేసి, రంగు నచ్చక మళ్ళీ పూసి, ఇట్లా నాలుగు పూతలయ్యాయి. ఆ మూడురోజులూ సన్నని తుంపర. వానమబ్బు పట్టిందంటే మా ఫ్యాక్టరీలో చట్రాలకు వార్నీషు పూయడమే ఆపేస్తారు, చట్రాల వార్నీషుకు ఎండ తప్ప వేరే మందు లేదు. తప్పనిసరైతే ఒక కిటుకు ఉంది. ఆరని చట్రం మీద పలక పొడి చల్లుతారు, చేతికి ఆరినట్టే ఉంటుంది, ఒకదానికొకటి అంటుకోవు. బరువు మాత్రం పెట్టకూడదు. పెడితే లోపలి జిగురు పైకి వస్తుంది. ఇది ఫ్యాక్టరీలో చంటిపిల్లకు కూడా తెలుసు. సర్వంగాడికి ఇంకా బాగా తెలుసు, వాడి పనే అది. పూజ నాటి పొద్దున బెంచీల మీద పొడి చల్లి, అరచేత్తో రాసి చూసి, "ఆరిపోయింది" అన్నాడు. కళాకారుడికి తన పని మీద మోజు ఉన్నప్పుడు తన వృత్తి మర్చిపోతాడని నాకు ఆ రోజే అర్థమైంది. నేను కూడా రాసి చూసి "ఆరిపోయింది" అన్నాను. నా సాక్ష్యం ఎందుకో మరి.

సాయంత్రం నాలుగింటికి పూజ. మిషన్లన్నీ పూలమాలలతో పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. ఆయుధపూజ నాడు వాటిని తిప్పకూడదు కాబట్టి షెడ్డంతా నిశ్శబ్దం, నాకు ఆ నిశ్శబ్దానికే భయమేసింది. పనివాళ్ళు నేల మీద గోతాల మీద కూర్చున్నారు. బెంచీల మీద పదిమంది. నడుమ పెదనాయన, ఒక పక్క నాయన, ఇంకో పక్క చంకలో సంచీ పెట్టుకున్న గిద్దలూరు మామ, పోస్టుమాస్టరు, తక్కినవాళ్ళు ఊరి వర్తకులు. అందరూ పండగ కదా అని తెల్లటి కొత్త పంచెలు కట్టుకొచ్చారు. హారతి అయ్యింది. ప్యాకింగు మేస్త్రి గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. "పాట అయినాక కొట్టు అన్నా" అని సర్వంగాడు చెప్పాడు. పెదనాయన "ఏం పాటరా, కానీండి" అన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. ఆ క్యాసెట్టు దొర కళ్ళు మూసుకునే పాడి ఉంటాడని నాకు ఎందుకో నమ్మకం. సర్వంగాడు పలక కొట్టాడు. బుల్‌బుల్ మీద ఒకటే ముక్క. ఇక అందుకున్నాను.

"కోసినారు కొండను కోసినారు
పలకొచ్చింది, పిల్లోడికి అ ఆ వచ్చింది
మాకేమొచ్చింది?
దుమ్ము. దుమ్ము. దుమ్ము."

ఆ మూడో దుమ్ము తర్వాత పాట ఆగాలి. దొర పాటలో ఆగినట్టే, ఎనిమిది లెక్కపెట్టేంతసేపు. అది నా పాటకు ప్రాణం అనుకున్నాను. ఆగాను. ఒకటి, రెండు, మూడు. మేస్త్రికి ఏం తెలుసు పాపం, పాట అయిపోయిందనుకున్నాడు (వదిలిపోయిందని సంతోషించి కూడా ఉంటాడు). గుమ్మడికాయ నేలకేసి కొట్టాడు. నేను ఆ చప్పుడు విని, సర్వంగాడు పలకతో కొత్తగా ఏదో వాయించాడనుకుని, లోలోపల శభాష్ అనుకుని, ఎనిమిది అవగానే మళ్ళీ అందుకున్నాను. గోతాలు విదిలించిన చప్పుడు, అడుగుల చప్పుడు, గేటు దగ్గర "నాక్కొంచెం ఎక్కువ పెట్టక్కా" అనే మాటలు, అన్నీ చెవిన పడుతూనే ఉన్నాయి. కళ్ళు తెరవడానికి ధైర్యం చాలలేదు. గిద్దలూరు బొక్కెనలు కళ్ళముందు వరసగా వేలాడుతున్నాయి. ఏడుపూ కోపమూ కలిసి గొంతు పూర్తిగా పగిలిపోయింది. పాట చివరిదాకా అరిచి, ఇక అయిపోయింది నా బతుకు అనుకుని కళ్ళు తెరిచాను.

నేల మీద ఎవరూ లేరు. కానీ బెంచీల మీద పదిమందీ ఉన్నారు. ఒక్కరూ కదలడం లేదు. రెండు చేతులతో బెంచీ అంచు గట్టిగా పట్టుకుని, కళ్ళార్పకుండా నన్నే చూస్తున్నారు. నాయన మొహం ఎర్రబడి ఉంది. మామ పెదవులు వణుకుతున్నాయి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఈ మనుషులను ఎంత తక్కువగా అంచనా వేశాను అనుకున్నాను. "ఇంకోటి పాడమంటారా?" అని అడిగాను, వినయంగా. పెదనాయన గేటు వైపు ఒకసారి చూశాడు. యాభైమంది పనివాళ్ళు గుగ్గిళ్ళు తింటూ ఇటే చూస్తున్నారు. "పాడు" అన్నాడు గొంతు తగ్గించి. "ఆపొద్దురా. పాడతానే ఉండు." జీవితంలో ఒక పాటగాడు వినదగిన మాట అంతకంటే ఏముంటుంది? దొనకొండ రైలు పాట పాడాను. ఆ తర్వాత "నేను కూచోను" పాడాను. "కూచోను, కూచోను, ఎవరు చెప్పినా కూచోను" అని నేను గంతులేస్తుంటే, నా ముందర పదిమంది పెద్దమనుషులు పళ్ళు బిగబట్టి కూర్చునే ఉన్నారు. పక్కన సర్వంగాడు పలకలు వాయిస్తూ, "ఆపొద్దు మామా, ఆపితే లేస్తారు, లేస్తే పంచెలు పోతాయి" అని గొణుగుతున్నాడు. నాకు అది పాటలో భాగమనిపించింది.

చివరికి పోస్టుమాస్టరే తెగించాడు. ఆయన ఊరివాడు కాదు, పరువు భయం తక్కువ. "అయ్యా, మీ పాటలకు దండం. నన్ను ఎవరైనా ఈ చెక్క మీద నుంచి ఊడదీయండి" అన్నాడు. ఆ తర్వాత జరిగింది వివరంగా రాయడం పెద్దవాళ్ళకు మర్యాద కాదు. టర్పెంటైను తెచ్చారు, పని చేయలేదు. కత్తెర తెచ్చారు, పని చేసింది. గుమ్మడికాయ పగలగానే లేవబోయారట పదిమందీ, పర్రుమనగానే మళ్ళీ కూర్చున్నారట. పనివాళ్ళ ముందర, పండగపూట, యజమాని చిరిగిన పంచెతో ఎట్లా నిలబడతాడు? అందుకే పాడుతూ ఉండమన్నాడు. పాట నడిచినంతసేపు, ఎందుకు కూర్చున్నారని ఎవరూ అడగరు. చివరికి నడుముకు ప్యాకింగ్ గోతాలు చుట్టుకుని ఊరి పెద్దలు వరసగా ఇళ్ళకు బయలుదేరారు. మా నాయన గోతం మీద "పగిలే సరుకు, నెమ్మదిగా దించండి" అని వెనకవైపు అచ్చు వేసి ఉంది. సర్వంగాడు ఇదేదీ చూడటం లేదు. రైలు పెట్టెలకు అంటుకుని మిగిలిన తెల్లటి పంచె ముక్కల ముందర గొంతుక్కూర్చుని, "మామా, చూడు మామా, కిటికీలకు తెరలు వచ్చినయి" అంటున్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు.

ఇంటికి చేరాక మామ కొత్త పంచె కట్టుకుని ముందుగా నోరు విప్పాడు. "బావా, ఇది లెక్కలోకి రాదు. అల్లుడు బస్సెక్కాల్సిందే." నేను తలుపు చాటున నిలబడి వింటున్నాను. నాయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "పదిమంది కూచున్నారా లేదా?" అన్నాడు. "కూచున్నారు గాని..." అన్నాడు మామ. "పాట అయిందాకా లేచినారా?" "లేవలే గాని బావా, అది..." "ఎందుకు కూచున్నారు అనే మాట మన మధ్యన రాలే. మాట మాటే. వాని బతుకు వాని ఇష్టం" అని చెప్పి, నా వైపు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. అడుగు వెనక్కి వేయని మనిషి. నేను గెలిచాను. అయినా ఒంట్లో ఎక్కడా గెలిచినట్టు లేదు. పొద్దున నిద్ర లేవగానే మళ్ళీ చీమలు.

పండగ మర్నాడు ఫ్యాక్టరీకి పోతే అందరూ నన్ను చూసి నోటికి కొంగులూ తువ్వాళ్ళూ అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. టకటకత్త ఒక్కతే తలెత్తకుండా పలకలు కొడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. కళ్ళు తెరిచినప్పుడు నేల మీద ఎవరూ లేరని పైన రాశాను, అది పూర్తిగా నిజం కాదు. పలకల దొంతర పక్కన, గోతం మీద, ఆమె ఉంది. మూడు పాటలూ ఉంది. గుగ్గిళ్ళకు కూడా పోలేదు. బెంచీ మీదివాళ్ళను చూసే సంబరంలో ఆమెను లెక్కలో వేసుకోలేదు నేను. దగ్గరికి పోయి అడిగాను, "అత్తా, నువ్వు బెంచీ మీద లేవు గదా, నీకేం అంటుకోలే గదా. ఎందుకు కూచున్నావు?" ఆమె ఇంకో రెండు పలకలు టకటకమనిపించింది. "మా ఇంటాయన ఆ మూల మిషను మీదనే కదబ్బాయ్ పన్నెండేండ్లు చేసింది" అంది. "ఆఖర్న మంచంలో పడి దగ్గుకుంటా ఇదే మాట అంటా ఉండె. దుమ్ము, దుమ్ము అని. ఆయన పోయినాక ఈ షెడ్డులో ఆ మాట ఎవురూ అనలే. నిన్న నువ్వన్నావు." నేను ఆయన గురించి రాయలేదు, నా అన్నం గిన్నె మూత మీది దుమ్ము గురించి రాశాను. ఆ మాట చెప్పే ధైర్యం లేక, "నా గొంతు ఎట్లుందత్తా?" అని అడిగాను. ఎంత సిగ్గులేని ప్రశ్న! ఆమె నన్ను ఎగాదిగా చూసింది, పలకను చూసినట్టే. "పగుల్దే" అంది. "పక్కన పెట్టబుద్ది కాలా."

ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్ళు తిరిగాను. నేనూ సర్వంగాడూ దొనకొండ స్టేషనులో పాడాం (రైలు నిజంగానే రాలేదు, జనం మా పాటే కారణమన్నారు). పుల్లలచెరువులో పాడితే గొర్రెలు చెదిరిపోయి, వాడి నాయన ఈసారి ఇద్దరినీ కట్టెతో తరిమాడు. తర్లుపాడులో టకటకత్త తన వీధివాళ్ళను కూర్చోబెట్టి "దుమ్ము" పాట రెండుసార్లు పాడించింది. అంతకుమించి నా పాట ఎక్కడికీ పోలేదు. మూడో ఏడు, ఎవరూ పొమ్మనకుండానే, నా కాళ్ళతో నేనే గిద్దలూరు బస్సెక్కాను. మామ నన్ను చూసి బొక్కెనలు కాస్త పక్కకు జరిపి చోటిచ్చాడు. సర్వంగాడు మాత్రం ఎక్కడా ఆగలేదు. లారీల వెనక పులులు వేశాడు, నాటకాలకు తెరలు కట్టాడు, సిమెంటు ఏనుగులు పోశాడు, ఎవరో చూసి పట్నంలో బొమ్మలు నేర్పే కాలేజీకి పిలిచారు. చాలా ఏళ్ళకు వాడి బొమ్మలు పెట్టిన పెద్ద హాలుకు నన్ను తీసుకుపోయాడు. నడుమ మా బెంచీలు రెండూ ఉన్నాయి. చుట్టూ తాడు కట్టారు. పక్కన చీటీ మీద "రైలు. చెక్క, వార్నీషు, పలక పొడి, పంచెలు" అని రాసి ఉంది. కళ్ళద్దాల మనుషులు గడ్డాలు నిమురుకుంటూ గంభీరంగా చూస్తున్నారు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ నాలుగో పెట్టె మీద సన్నని ఎర్రంచు పంచె ముక్క చూశాను. అది మా నాయనది. ఆయన పోయి అప్పటికి ఏడాది. అందరి ముందరా నిలబడి ఏడ్చాను. సర్వంగాడు ఆ బెంచీ నాకే ఇచ్చి పంపాడు. "నీకు కూచోవడం కావాల గదా మామా" అన్నాడు.

ఇప్పుడు అది నా దుకాణంలో, తాళ్ళ చుట్టల పక్కన ఉంది. నేను పొద్దున ఏడింటికి కూర్చుంటే అన్నానికే లేస్తాను (మా ఆవిడ అడిగితే చెబుతుంది). గిరాకీ లేనప్పుడు, ఒళ్ళంతా చీమలు పాకినప్పుడు, గల్లాపెట్టె మీద వేళ్ళతో కొట్టుకుంటూ "దుమ్ము" అందుకుంటాను. వార్నీషు ఎప్పుడో ఆరిపోయింది కదా, వచ్చినవాళ్ళు చల్లగా లేచి వెళ్ళిపోతుంటారు. మొన్న ఒక రైతు బావికి తాడు కొనడానికి వచ్చి, బెంచీలో నాయన రైలుపెట్టె మీద కూర్చున్నాడు. తాడు తీసుకున్నాడు, చుట్టను భుజాన వేసుకున్నాడు, అయినా లేచి పోలేదు. పాట ఆగే చోట కూడా లేవలేదు, ఎనిమిది అయ్యేదాకా నేల చూస్తూ కూర్చున్నాడు. చివరిదాకా విని, తువ్వాలు దులుపుకుని, "వస్తా శెట్టీ" అని వెళ్ళిపోయాడు. ఎందుకు కూర్చున్నావని నేను అడగలేదు. ఆ మాట మా మధ్యన రాలేదు.